చొక్కా చెప్పిన ఫైటు

సినిమాల్లో ఒక్కో హీరో నలభై మంది రౌడీలతో కలబడి బతికి బట్టకడుతున్నాడంటే అది ఫైట్ మాస్టర్ గొప్ప కాదు, మా అమ్మమ్మ చలవ. ఆవిడ పన్నెండో వరసలో కూర్చుని కళ్ళప్పగించి కాపలా కాయకపోతే ఆ కుర్రాళ్ళంతా ఎప్పుడో చొక్కాల్లేకుండా ఇళ్ళకు పోయేవాళ్ళు. నమ్మనివాళ్ళు వచ్చి ఆ మాట ఆవిడ మొహం మీదే అనొచ్చు. చేతిలో కత్తెర ఉంటుంది, చూసుకుని అనాలి.

అమ్మమ్మ దర్జీ. బస్టాండు వెనక సందులో, మేడమెట్ల కింద గది ఆవిడ షాపు. ఒక మిషన్, ఒక ఇస్త్రీ బల్ల. కాగితం మీద గీసి కత్తిరించిన కాలర్లూ చొక్కా చేతులూ మేకులకు వేలాడుతుంటాయి. నలభై ఏళ్ళుగా మగవాళ్ళ చొక్కాలు కుడుతోంది. మనిషి ఎదురుగా వస్తుంటే ముందు భుజం కొలత చూస్తుంది, మొహం తర్వాత. తాతయ్యను మొదటిసారి చూసినప్పుడూ అంతే. పదహారున్నర కాలరు అని గుర్తుపెట్టుకుంది, పేరు నిదానంగా కనుక్కుంది.

తాతయ్య టౌను బస్సు నడిపేవాడు. రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు కళ్ళలో ఏదో నరం దెబ్బతిని చూపు పోయింది. వెలుతురేదో చీకటేదో తెలుస్తుంది, అంతే. స్టీరింగు పోయిందన్న దిగులు కంటే ఆయనకు సినిమా పోయిందన్న దిగులే ఎక్కువ. అందులోనూ ఫైట్లు. పాటలు వినొచ్చు, మాటలు వినొచ్చు, ఏడుపులైతే వద్దన్నా వినబడతాయి. ఫైటును వినడం ఎలా? ఢిష్యుం అన్నది ఎవరి చెయ్యో, ఎవరి దవడో తెలిసేదెలా?

అందుకని షాపుకు సెలవైన ప్రతి మంగళవారం అమ్మమ్మ ఆయన్ని మ్యాట్నీకి తీసుకెళ్ళి, పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో ఆవిడ చెప్పడం మహా పొదుపు.

"కొట్టాడు."

"ఎవరు?"

"హీరో."

"ఎక్కడ?"

"మొహం మీద."

"తర్వాత?"

"ఇంకోణ్ణి కొట్టాడు."

పన్నెండు నిమిషాల ఫైటు నాలుగు ముక్కల్లో తేలిపోయేది. మిగిలిన సేపంతా తాతయ్య నెత్తిన రేకుల షెడ్డు కూలుతున్నట్టు కూర్చునేవాడు. "నువ్వు చెబుతున్నది ఫైటా, టెలిగ్రామా?" అని ఒకరోజు విసుక్కున్నాడు.

ఆ తర్వాతి వారం సినిమాలో హీరో తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. మంచి నూలు గుడ్డ, ఒంటికి పోతపోసినట్టుంది. రౌడీలు వాణ్ణి చుట్టుముట్టేసరికి అమ్మమ్మ ప్రాణం గిలగిల్లాడింది. హీరో కోసం కాదు.

"అయ్యో, కాలరు పట్టుకున్నాడండీ. పై గుండీ పోయింది. కుడి చంక కింద కుట్టు విడిపోయింది, బెత్తెడు. చెయ్యి అంతెత్తున లేపి కొడితే విడిపోదూ మరి. ఇదిగో, జేబు వేలాడుతోంది. వీపంతా మట్టి, వెల్లకిలా పడ్డాడు. లేచాడు. మోచేతి దగ్గర రక్తం. ఆ మరక ఇక జన్మలో పోదు."

తాతయ్య ముందుకు వంగాడు. చూపు పోయాక మొదటిసారి ఆయనకు ఫైటు కనబడింది. చొక్కాకు ఎన్ని గుండీలుంటాయో ఆయనకు తెలుసు. ఎన్ని పోయాయో తెలిస్తే హీరో పని ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంది.

అప్పట్నుంచి ఇద్దరికీ ఒక కొలబద్ద దొరికింది. ఫైటు ఎంతసేపన్నది కాదు, ఆ సేపట్లో చొక్కా ఏమైందన్నది చూడాలి. కుట్టు తర్వాత కుట్టు పోతూ వస్తే ఇరవై నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి, ఆ తర్వాత హీరో ఇంటికెళ్ళి తల్లి ముందు నిలబడి చెప్పే ప్రతి మాటా చెవికెక్కుతుంది. యాభై మందిని తన్నినా ఇస్త్రీ మడత నలగలేదంటే ఐదు నిమిషాలకే ఆవలింతలు. ఆపైన వాడెంత గొప్ప డైలాగు చెప్పినా చెవికెక్కదు. "వాడికేం పోలేదు, మన మధ్యాహ్నం పోయింది" అనేవాడు తాతయ్య. కార్లు తరుముకునే సీను వస్తే మాత్రం నోరు మూసుకోవడం అమ్మమ్మ వంతు. అది ఆయన శాఖ. "మూడో గేరులో అంత మోత పెట్టి వంద మీద పోతాడా, వాడి మొహం" అని ఆయనే ఆవిడకు చెప్పేవాడు.

చిక్కల్లా అమ్మమ్మ గొంతుతో వచ్చింది. నలభై ఏళ్ళు మిషన్ మోతకు పైన మాట్లాడిన గొంతు అది, గుసగుస దానికి చేతకాదు. ఒకసారి హాలంతా ఊపిరి బిగబట్టి ఫైటు చూస్తుండగా, "ఇందాక ఊడిన చెయ్యి మళ్ళీ అతుక్కుందేంటండీ, మధ్యలో ఏ దర్జీ దగ్గరికెళ్ళొచ్చాడు" అంది. హాలు గొల్లుమంది. తెర మీద హీరోయిన్ని ఎత్తుకుపోతున్నారు, కింద జనం పొట్టలు పట్టుకుంటున్నారు. వెనక వరసలో ఒకాయన మాత్రం లేచి వెళ్ళి ఫిర్యాదు చేశాడు.

మరుసటి మంగళవారం మేనేజరు వాళ్ళిద్దర్నీ గేటు దగ్గరే ఆపాడు. ఏటేటా ఆయన ప్యాంట్లకు నడుము వదులు చేసిపెట్టేది అమ్మమ్మే, అందుకని చూపు నేల మీద పెట్టి మాట్లాడాడు.

"పిన్నిగారూ, ఏమనుకోకండి. ఇకమీద మీ మాట వినబడితే బయటికి పంపెయ్యమని ఓనరుగారు చెప్పారు."

"మరి ఈయనకెలా తెలుస్తుంది బాబూ?"

"అది నేనేం చెప్పగలను. ఈ సినిమాలో చివరి ఫైటే ఇరవై రెండు నిమిషాలు. అంతసేపు మీరు మాట్లాడితే నా ఉద్యోగం ఊడుతుంది."

తాతయ్య మొహం వాడిపోయింది. "పోదాం పదవోయ్. ఉత్త మోతకు ఇంతదూరం దేనికి, ఇంట్లో గిన్నెలు కింద పడేసుకుంటే సరిపోతుంది."

"వచ్చినవాళ్ళం వచ్చాం, నడవండి" అని అమ్మమ్మ ఆయన రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. పైకి అలా అంది గానీ లోపల గుబులే. ఈ ఒక్కరోజు విసుగెత్తి లేచొచ్చాడంటే ఆ మనిషి మళ్ళీ సినిమాహాలు గడప తొక్కడని ఆవిడకు తెలుసు.

ఇంటర్వెల్ దాటాక కూడా ఫరవాలేదు, మాటలున్నాయి. తర్వాత గోదాము వచ్చింది, ఇనప గొలుసులు వచ్చాయి, అరవై మంది వచ్చారు. అమ్మమ్మ పెదవి కరిచిపట్టుకుంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. తాతయ్య కుర్చీలో వెనక్కి జారి, చేతికర్ర కోసం తడుముకోవడం మొదలుపెట్టాడు.

తెర మీద ఎవడో హీరో కాలరు పట్టుకున్నాడు. అమ్మమ్మ గబుక్కున తాతయ్య కాలరు పట్టుకుంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆవిడ గట్టిగా గుంజి, పై గుండీ తెంపి, ఆయన అరచేతిలో పెట్టింది. తాతయ్య గుండీని వేళ్ళతో తిప్పి చూసుకున్నాడు. కర్ర మాట మర్చిపోయాడు.

ఆ తర్వాత అక్కడ జరిగింది పన్నెండో వరస వాళ్ళే చెప్పాలి. హీరో వీపున దెబ్బ పడితే తాతయ్య వీపు చరిచేది. వాడు పడితే ఈయన్ని భుజం నొక్కి కుర్చీలోకి దించేది, లేస్తే చంకలో చెయ్యేసి లేపేది. మొదట గుండీలతో మర్యాదగానే ఉంది. పదో నిమిషానికి ఒళ్ళు మర్చిపోయింది. విలను గొలుసు వేసి హీరో ఎడమ చెయ్యి లాగేసరికి, తాను స్వయంగా డబుల్ కుట్టు వేసి కుట్టిన తాతయ్య చొక్కా చెయ్యి భుజం నుంచి పర్రుమని ఊడి అమ్మమ్మ చేతిలోకొచ్చింది. సరిగ్గా అప్పుడే తెర మీద గోడ కూలబట్టి ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు. ఆఖరి దెబ్బకు తాతయ్య పిడికిలి దానంతటదే లేచింది. ముందు కుర్చీలో బట్టతలాయన చెప్పు సర్దుకోడానికి వంగాడు కాబట్టి బతికిపోయాడు.

లైట్లు వెలిగాయి. మేనేజరు తలుపు దగ్గరున్నాడు. ఒక చెయ్యి లేని చొక్కా, వేలాడే జేబు, ఒక్క గుండీ కూడా లేదు, రేగిన జుట్టు, మొహం నిండా నవ్వు. ఆ వాలకంతో తాతయ్య బయటికొచ్చేసరికి మేనేజరు ఎదురు పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయిగారూ, ఎవరు కొట్టారు మిమ్మల్ని? ఆ వెనక వరసాయనేనా?"

"అరవై మంది" అన్నాడు తాతయ్య. "ఒక్కణ్ణీ వదల్లేదు."

"నా మాటేమైనా వినబడిందా బాబూ?" అంది అమ్మమ్మ, ఊడిన చెయ్యి మడిచి సంచీలో పెట్టుకుంటూ.

వినబడలేదని మేనేజరు ఒప్పుకున్నాడు. మాట్లాడొద్దన్నారే గానీ చింపొద్దని ఓనరుగారు అనలేదు కదా.

ఇప్పుడు తాతయ్యకు సినిమా చొక్కాలు వేరే ఉన్నాయి. అమ్మమ్మ వాటిని మిగులు గుడ్డతో, లాగితే ఊడొచ్చే కచ్చా కుట్టు వేసి కుడుతుంది. సోమవారం సాయంత్రం అయితే చాలు, "రేపటి ఫైటు ఎంతసేపట?" అని తాతయ్య మిషన్ చుట్టూ తిరుగుతాడు. పది నిమిషాలయితే గుండీల వరకే. ఇరవై దాటితే చేతులు రెండూ కచ్చా. చొక్కా చెక్కుచెదరకుండా ఇంటికొచ్చిందా, ఆ సినిమా దండగ అన్నమాటే, రాత్రి భోజనం దాకా తిడుతూనే ఉంటాడు.

ఇదంతా రాసి వినిపించిన మనవరాలిని కదా, ఊరుకోలేక అడిగాను. "అమ్మమ్మా, రేపు పొద్దున తాతయ్యకు చూపొచ్చేస్తే ఫైటప్పుడు నువ్వేం చేస్తావ్?"

అమ్మమ్మ సూది మీంచి తలెత్తలేదు.

"నిద్రపోతా. ఇరవై నిమిషాల కొట్లాటను పనీపాటా ఉన్నవాళ్ళెవరైనా మెలకువతో చూస్తారటే, గాడిదా?"