కప్పగారి రాహుకాలం

తిరువూరులో మా పక్కింట్లో పౌరోహిత్యం చేసే పంతులుగారు ఉండేవారు. ఆయన వాచీ పెట్టుకునేవారు కాదు. పెళ్ళికో వ్రతానికో బయల్దేరే ముందు మా ఇంటి దగ్గర ఆగి, నాడి చూసినట్టు నా మణికట్టు పట్టుకుని అడిగేవారు: "కప్పగారేమంటున్నారండీ మాస్టారూ?"

రోజూ కీ ఇవ్వాల్సిన నా వాచీలో ఒక బొమ్మ కప్ప సెకనుకోసారి కళ్ళు తిప్పేది. హేతువాది చేతికి పిల్లల వాచీ ఏమిటని మిత్రులు నవ్వేవారు. నాకు మాత్రం అదంటే ముచ్చట.

రెండువేల సంవత్సరం ప్రాంతంలో ఒక దండల పెళ్ళికి నేనే అధ్యక్షుణ్ణి. ఆదివారం సాయంత్రం ఆరులోపు, సరిగ్గా రాహుకాలంలో దండలు మార్పించి మూఢనమ్మకం నడుం విరగ్గొడతానని ఊరంతా చెప్పాను. పంతులుగారినీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాను. ఉపన్యాసం మధ్యలో వాచీ చూస్తే అయిదున్నర. కాసేపాగి చూసినా అయిదున్నరే. ఆవేశంలో అనుమానం రాలేదు. నేను ఆగబోయినప్పుడల్లా పంతులుగారు గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆయన మారిపోయారనుకుని గ్రహాలన్నింటినీ మరోసారి ఉతికి ఆరేశాను.

దండలు మార్చాక ఆయన వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు.

"కప్పగారికి కీ ఇచ్చినట్టు లేరండీ. మీ వెనక గోడ గడియారంలో ఆరుంపావు. రాహుకాలం వెళ్ళిపోయింది."

"ముందే చెప్పొచ్చు కదండీ?"

"పిల్లల పెళ్ళి కదండీ. మంచి టైమొచ్చేదాకా మీరు ఆపకూడదనేగా అన్ని చప్పట్లు కొట్టాను."