దేవుడమ్మకు దొరికిన అయ్య

మలేసియాలోని సుంగై సిపుట్‌లో దేవుడమ్మ ఇంటి ముందుగది గోడ మీద ఆ ఇంట్లో చనిపోయినవాళ్ళందరూ ఉండేవారు, ఒక్క ఆమె తండ్రి తప్ప. తల్లి ఉంది, మొగుడు ఉన్నాడు, లారీ కింద పడి పోయిన కొడుకు ఉన్నాడు. అందరికీ నుదుట బొట్టు, మెడలో ప్లాస్టిక్ పూల దండ. తల్లి ఫోటో పక్కన ఒక మేకు మాత్రం ఉత్తిదే ఉండేది. తగిలించడానికి ఏమీ లేకుండానే దేవుడమ్మ దాన్ని కొట్టించింది. గోడ తుడిచినప్పుడల్లా కోడలు సుమతి గుడ్డ ఆ మేకుకు పట్టుకుని చిరిగేది, ఆ పూటంతా ఇంట్లో గొణుగుడే.

తండ్రి పైడిరాజు రబ్బరు తోట కూలీ. దేవుడమ్మ తల్లి కడుపులో ఉండగా జపాను సైనికులు తోటలోకి లారీలు తెచ్చారు. రోజూ పొద్దున్నే పేర్లు పిలిచే చోటే మగవాళ్ళను వరసలో నిలబెట్టి, సయాం దేశానికి వేస్తున్న రైలుదారి పనికని ఎక్కించుకుపోయారు. పైడిరాజు చేతిలో మూటతో వెళ్ళాడు. మనిషీ రాలేదు, మూటా రాలేదు. తోట కూలీలకు ఫోటో అంటూ ఒకటి దక్కింది యుద్ధం అయ్యాక, ఐసీ అనే గుర్తింపు కార్డులు వచ్చినప్పుడే. గోడ మీది తల్లి ఫోటో కూడా ఆ కార్డుది పెద్దది చేయించిందే.

ఫోటో లేకపోయినా దేవుడమ్మకు తండ్రి ముఖం ఉండేది. పాల కోసం రబ్బరు చెట్లు గీస్తూ తల్లి చెప్పిన మాటలతో చిన్నప్పటి నుంచీ కట్టుకున్న ముఖం అది. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన కత్తిగాటు, నవ్వితే ఒక పక్కకే సాగే మూతి. కళ్ళు మూసుకుంటే చాలు, ఎదురుగా వచ్చి నిలబడేవాడు. కానీ ఎనభై దాటాక ఆమెకు కొత్త భయం పట్టుకుంది. రేపు పైకి పోయాక అయ్యను గుర్తుపట్టడం ఎలా? ఆయన ఆమెను చూడలేదు, ఆమె ఆయనను చూడలేదు. అంత జనంలో ఎవరినని అయ్యా అని పిలుస్తుంది?

"ఒక్క ఫోటో ఉంటే సాలును. మొకం సూసుకుని పోదును" అని మనవడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

మనవడు శ్రీకుమార్ రబ్బరు చేతితొడుగుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. చెడ్డవాడని వీధిలో ఎవరూ అనరు. పెళ్ళి కాలేదు, తాగుడు లేదు, ఉన్న పిచ్చల్లా జర్మనీ సైన్యం ఫోటోలు. ఆ పాత యుద్ధంలో తీసిన జర్మన్ సైనికులు, వాళ్ళ ట్యాంకులు, ఫిరంగులు, పక్కన తొట్టి తగిలించిన మోటారు సైకిళ్ళు, నెట్‌లో ఏది దొరికినా దించుకుని, గీతలు తుడిచి, రంగులద్ది తన పేజీలో పెట్టేవాడు. ఏ ట్యాంకు ఎంత బరువో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. సొంత ముత్తాత ఏ తోటలో చెట్లు గీశాడో అడిగితే మాత్రం తల గోక్కునేవాడు.

అతను కంప్యూటరు ముందు కూర్చుంటే దేవుడమ్మ టీ గ్లాసు పట్టుకుని పక్కన చేరేది.

"ఈళ్ళెవుల్రా?"

"జర్మనోళ్ళు మామ్మా."

"మా అయ్యని తీసికెళ్ళింది ఈళ్ళేనేటి?"

"కాదు లా" అన్నాడు, అక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి. "ఆళ్ళు జపానోళ్ళు. ఇది ఏరే దేశం."

ఒక ఫోటోలో బురద దారి మీద ట్యాంకు ఆగి ఉంది. దాని మీద ఒక సైనికుడు కాళ్ళు వేలాడేసుకుని, టోపీ వెనక్కి తోసుకుని, ఒక పక్కకి నవ్వుతున్నాడు. ట్యాంకు వెనక, ఫోటో అంచున, జనం వరసగా నడిచి పోతున్నారు. పక్కన తుపాకీ పట్టుకుని మరొకడు. దేవుడమ్మ వేలు ట్యాంకును దాటి ఆ జనం మీదికి పోయింది.

"ఈళ్ళనెక్కడికి తోలుకుపోతన్నారు?"

"తెలీదు మామ్మా. ట్యాంకు సూడు, ఎంత కిలీరుగా వచ్చినాదో."

"సేతుల్లో మూటలున్నాయిరా."

శ్రీకుమార్ ఆ అంచును కత్తిరించేశాడు. జనం ఉంటే ట్యాంకు అందం పాడవుతుందట.

ఒక ఆదివారం అతను బయటికి పోవాలని తొందరలో ఉంటే, మామ్మ మళ్ళీ కనుబొమ్మ గాటు, పక్క నవ్వు అంటూ మొదలుపెట్టింది. అతనికి ట్యాంకు మీద కూర్చున్నవాడు గుర్తొచ్చాడు. వాడి కనుబొమ్మ కూడా తెగే ఉంది. అతనిలో కొంటెతనం లేచింది. ఆ ముఖాన్ని కోసి తీసి, ఒళ్ళు నల్లగా చేసి, కళ్ళలో తానే వేసిన నీలిరంగు తుడిచేసి, టోపీ ఊడబెరికి నూనె రాసిన జుట్టు పెట్టి, మెడ కింద తెల్ల చొక్కా తొడిగాడు. మామ్మ టీ చల్లారేలోపు పైడిరాజు తయారయ్యాడు.

"దొరికినాది మామ్మా. పాత తోటోళ్ళ ఫోటోల్లో ఉన్నాది" అన్నాడు, సాయంత్రం దానికి అద్దం కట్టించి తెచ్చి ఇస్తూ.

దేవుడమ్మ ఫోటోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. అద్దం మీదనుంచే కనుబొమ్మను బొటనవేలితో తడిమింది. "అమ్మ సెప్పిన సోటే ఉంది గాటు" అంది. పుట్టి ఇన్నేళ్ళకు తండ్రి కలిగిన పిల్లలా ఆ రోజు ఇల్లంతా తిరిగింది. బొట్టు పెట్టింది, దండ వేసింది, మేకుకు తగిలించింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆయనకు చూపించాకే కాఫీ తాగేది. పులుసులో సుమతి ఉప్పు ఎక్కువ వేస్తే ఆ ఫిర్యాదు కూడా ఆయనకే. దీపావళి ముందురోజు పోయిన పెద్దలకు ఆకు వేసేటప్పుడు ఆయన ఆకులో కాల్చిన ఎండుచేప, పక్కన చుట్ట, చిన్న గ్లాసుతో కల్లు పెట్టేది. అవంటే ఆయనకు ఇష్టమని తల్లి చెప్పింది. వేడన్నం పెట్టి, ఆవిరి ఆగేదాకా చేతులు కట్టుకుని నిలబడేది.

మొదటి దీపావళి అలా గడిచింది. రెండో దీపావళికి ముందురోజు ఆకు వేసింది, పండగనాడు ఇంటి నిండా చుట్టాలు. క్లాంగ్ పట్నం నుంచి లోగన్ కూడా వచ్చాడు. శ్రీకుమార్‌లాగే యుద్ధం ఫోటోల పిచ్చివాడు, తమిళ కుర్రాడు, మర్యాద తెలిసినవాడు. వస్తూనే దేవుడమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. తర్వాత గోడ వైపు చూసి ముఖం వెలిగించుకుని, పైడిరాజు ఫోటో ముందు మడమలు టపీమని కొట్టి సెల్యూట్ చేశాడు. చుట్టాలు నవ్వారు. అయ్యకు దక్కిన మర్యాద చూసి దేవుడమ్మ కూడా నవ్వింది.

"మా అయ్య పట్టాళంలో లేడు బాబూ. రబ్బరు తోటలో పని సేసినాడు" అంది తమిళంలో.

లోగన్ ఇంకా నవ్వాడు. ముసలావిడ కూడా ఈ వేళాకోళంలో ఉందనుకున్నాడు పాపం. శ్రీకుమార్ కళ్ళతో సైగ చేసేలోపే సెల్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మనవడు పెట్టింది మీరు చూడలేదా పాట్టీ?"

అది శ్రీకుమార్ పేజీ. ఒకే తెర మీద రెండు ఫోటోలు. ఒక దాంట్లో దేవుడమ్మ కళ్ళు మూసుకుని అయ్యకు హారతి ఇస్తోంది. పక్కదాంట్లో ఆ ట్యాంకు, కత్తిరించకముందుది. కింద నవ్వే బొమ్మలు బారులు తీరి ఉన్నాయి.

ఆమె ముందు ట్యాంకును గుర్తుపట్టింది. తర్వాత కనుబొమ్మను, ఆ నవ్వును. చివరికి అంచున ఉన్న మూటలను.

"ఇదేటిరా?"

"మొకం ఏదైతే ఏటి మామ్మా? ఇన్నాళ్ళూ సంతోషంగా ఉన్నావు కదా లా" అన్నాడు శ్రీకుమార్.

"పోనీ అత్తా, పండగపూట. అందరూ సూస్తన్నారు" అంది సుమతి, మురుకుల పళ్ళెం పట్టుకుని.

దేవుడమ్మ అరవలేదు. "మూట పట్టుకుని ఎల్లినోడు మా అయ్య. అలాటోళ్ళని తోలి నవ్వినోడికి నాను అన్నం పెట్టినాను. కాళ్ళకి మొక్కినాను" అంది. ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేక వాకిట్లోకి పోయారు.

"ఆ మూటలోళ్ళని పెద్దగా సెయ్యి."

శ్రీకుమార్ తెర మీద వేళ్ళు జరిపాడు. పెద్దది చేసినకొద్దీ మనుషులు బూడిదరంగు మచ్చలయ్యారు. అందరివీ వీపులే. ఒక్కడూ ఇటు తిరిగి లేడు.

ఆ సాయంత్రమే అతను ఫోటో దించి మంచం కింద పెట్టాడు. "ఇంకోటి సేసేస్తాను మామ్మా. ఈసారి అచ్చం మనోళ్ళ మొకం. ఇప్పుడు ఏ మొకం అడిగితే అది మిషనే సేసిస్తాది" అన్నాడు.

"నాకేటీ వద్దు. అమ్మ ఇచ్చిన మొకం నాకుంది" అంది దేవుడమ్మ.

మర్నాడు పొద్దున్న వెనక గడపలో కూర్చుని కళ్ళు మూసుకుంది. కనుబొమ్మ గాటు వచ్చింది, పక్క నవ్వు వచ్చింది. వాటి వెనక వచ్చిన ముఖం మాత్రం ట్యాంకు మీద కూర్చున్నవాడిది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. తల్లి మాటలు మొదటి నుంచీ ఒక్కొక్కటే తలుచుకుంటూ మళ్ళీ మూసుకుంది. ప్రతి మాటా పోయి వాడి ముఖానికే అతుక్కుంది. మునుపటి అయ్య ఎలా ఉండేవాడో ఎంత తవ్వుకున్నా దొరకలేదు. వారం పోయినా, నెల పోయినా అంతే.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన శ్రీకుమార్ ఆమెను అక్కడే చూశాడు.

"కళ్ళు మూసుకుని ఏటి సేస్తన్నావు మామ్మా?"

"మా అయ్యని ఎతుకుతన్నాను."

"కనబడినాడా?"

"ఆడే వస్తన్నాడు" అంది. "నాను పోయినా ఇంతేరా. అక్కడ మా అయ్య మూట పట్టుకుని వరసలో నిలబడి ఉంటాడు. నాను ఆయన పక్కనుంచే నడిసి, అయ్యా అని ఈడి దగ్గరకి ఎల్లిపోతాను."