మైసమ్మ అయిన పొత్రం

వనపర్తి నుంచి ఆత్మకూరు పోయే తోవలో, ఊరు అయిపోయిందనుకునే చోట ఒక కాలనీ ఉంది. ఆ కాలనీలో అలివేలమ్మ నోటికి జడవని మనిషి లేడు. నల్లా రాకపోతే మునిసిపాలిటీ వాళ్లకంటే ముందు ఆమెకే చెప్పేవాళ్లు. కొంగు బిగించి బయలుదేరిందంటే నీళ్లు వచ్చినట్టే. మంచికి పనికొచ్చే నోరే, కాదనడం లేదు. కానీ నోరున్న మనిషికి ఒక జబ్బు ఉంటుంది చూడండి, తనకు నచ్చనిది లోకానికే చేటనుకోవడం! అది అలివేలమ్మకు దండిగా ఉండేది.

ఆమె ఇంటి ఎదుట సర్కారు జాగా ఒకటి ఖాళీగా ఉంది. కాలనీ ఆడపిల్లలు అక్కడే ఖోఖో ఆడేవాళ్లు. ఆ జాగాలోనే ఆటలు నేర్పే ఇండోర్ హాలు కడతామని, పైన రేకులు, కింద మెత్తటి మ్యాట్లు వేస్తామని ఇంజనీరు వచ్చి చెప్పాడు. కాలనీ పెద్ద భానుప్రకాశ్ ఇంటి ముందు అందరూ కూడారు. పొద్దస్తమానం ఈలలు మోగితే పిల్లలు చదువుకునేదెట్లా? బండ్లు ఎక్కడ పెడతారు? ఉన్న ఒక్క బోరు ఎండిపోతే దిక్కెవరు? అన్నీ అడగదగిన మాటలే. ఇంజనీరు ఓపిగ్గా జవాబిచ్చాడు. వెనకవైపు నుంచి తోవ తీస్తామన్నాడు, చీకటిపడితే తాళం వేస్తామన్నాడు. చాలామంది సమాధానపడ్డారు.

అలివేలమ్మ పడలేదు. ఆమె బాధ వేరు. పడమటి గాలి ఆ జాగా మీదుగా వచ్చి సూటిగా ఆమె వాకిట్లోకి కొడుతుంది. మధ్యాహ్నం గడప దగ్గర కొంగు పరుచుకుని ఒక కునుకు తీస్తే ఆమెకు అంతకు మించిన సుఖం లేదు. ఎదురుగా అంతెత్తు గోడ లేస్తే ఆ గాలి పోతుంది. ఈ మాట నలుగురిలో అంటే నవ్వరూ? అందుకే లోపలే మింగింది.

ముగ్గు పోసి కొలతలు వేసే రోజు రానే వచ్చింది. తెలతెలవారుతుండగా అలివేలమ్మ పెరట్లోకి వెళ్లింది. మూలన పాత పొత్రం పడి ఉంది. ఆమె ఒకప్పుడు వడల హోటలు నడిపింది, పప్పంతా ఆ పొత్రంతోనే రోట్లో రుబ్బేవాళ్లు. గ్రైండరు వచ్చాక దాన్ని పలకరించిన దిక్కు లేదు. దాన్ని చంకనెత్తుకుపోయి జాగా నడుమ సగం పాతి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, రెండు వేపమండలు గుచ్చి ఇంటికొచ్చి పడుకుంది. మన దిక్కు మనుషులకు పసుపు పూసిన రాయి కనబడితే చాలు, కాళ్ల చెప్పులు వాటంతట అవే ఊడొస్తాయి. ముగ్గు డబ్బాతో వచ్చిన మనిషి అడుగు ముందుకేయలేదు.

"కలలకొచ్చిందయ్యా మైసమ్మ!" అంది అలివేలమ్మ గుంపు మధ్య నిలబడి. "జుట్టు ఇరబోసుకొని, నా నెత్తి మీద గోడ కడ్తరా అని అడిగింది. ఇగ జూడు, గీడ వెలిసింది!"

మొదటి కొబ్బరికాయ కొట్టింది భానుప్రకాశే.

గుంపు వెనక ఎస్తేరమ్మ నిలబడి ఉంది. రెండిళ్ల అవతల ఉంటుంది. కూలికి పోయే మనిషి, ఆదివారం చర్చి తప్పదు. హోటలు నడిచినన్నాళ్లూ పప్పు రుబ్బింది ఆమే. ఒకసారి ఆ పొత్రం చేయి జారి ఆమె కాలి బొటనవేలి మీదుగా బండ మీద పడింది. వేలు వంకరపోయింది, పొత్రానికి పెచ్చు ఊడింది. పసుపు ఎంత పూసినా ఆ పెచ్చు దాగలేదు. ఎస్తేరమ్మ పెచ్చును చూసింది, అలివేలమ్మను చూసింది, తల దించుకుని పనికి వెళ్లిపోయింది. హమ్మయ్య, బతికాననుకుంది అలివేలమ్మ.

ఆ తర్వాత రాయి చుట్టూ తాడు కట్టారు, పైన రేకు వేశారు. నిక్కర్లు వేసుకుని అమ్మవారి ముందు ఉరుకుతారా అని పెద్దలు ఆడపిల్లలను తరిమేశారు. ఈ నెలలో జాగా తేలకపోతే హాలు ఇంకో ఊరికి పోతుందని ఇంజనీరు చెప్పి వెళ్లాడు.

ఒక పొద్దున ఎస్తేరమ్మ మనవరాలు అర్చన, అలివేలమ్మ వాకిటి ముందు నుంచి కుంటుకుంటూ పోతోంది. ఖోఖోలో ఆ పిల్లను పట్టుకోవడం ఎవరి తరమూ కాదని పేరు. రెండు మోకాళ్లూ చెక్కుకుపోయి ఉన్నాయి.

"ఏందే పిల్లా, గా మోకాళ్లేంది?"

"తారు రోడ్డు మీద ఆడినం అవ్వా. డైవ్ కొడితే గిట్లయింది."

"రోడ్డు మీద ఎందుకే, పాడుగాను!"

"మరి గది అమ్మోరి జాగ గదా. మేం ఆడితే మైలయితదట. నీ కలలకే గదా వచ్చింది?"

పోతూ పోతూ అర్చన రాయి వైపు తిరిగి దండం పెట్టింది. చర్చికి పోయే పిల్ల! అలివేలమ్మ ఆగలేక అడిగింది. "నువ్వెందుకే మొక్కుతవు?"

"మా అవ్వ మొక్కమన్నది. అందరు జూస్తుంటరు, మొక్కకుంటే బాగుండదన్నది."

అలివేలమ్మకు తల కొట్టేసినట్టయింది. అప్పటిదాకా దొంగకు తేలు కుట్టినట్టు మెదలకుండా ఉన్న మనిషి, ఆ సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ ఎస్తేరమ్మ ఇంటికి పోయింది. ఎస్తేరమ్మ చాటలో పల్లికాయలు ఒలుస్తోంది.

"నువ్వెందుకు నోరు తెరవలే ఎస్తేరూ?"

"ఏమని తెరవాలె అక్కా? అది అమ్మోరు గాదు, అక్కోళ్ల పొత్రం అంటనా? చర్చికి పొయ్యేదానికి మా దేవత మీద మాటలెందుకే అంటరు. ఇగ నా బతుకు గీ కాలనీల నడుస్తదా?" ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే అలివేలమ్మకు కొంత తేలికగా ఉండేదేమో. "నువ్వు అబద్ధం జెప్పినా చెల్లుతది. నేను నిజం జెప్పినా చెల్లది."

"గాలి కోసం చేసిన్నే," అంది అలివేలమ్మ నేల చూస్తూ. "గడప కాడ గాలి కోసం."

ఎస్తేరమ్మ చేతులు ఆగిపోయాయి. "గాలి కోసమా అక్కా?" అంది. అంతే. ఛీ అని మొహాన ఉమ్మినా అంత సిగ్గయ్యేది కాదు.

"మంగళవారం బోనాల కాడ అందరి ముందట చెప్త. నా నోటితోనే చెప్త. నీ పేరు రానియ్య, ఒట్టు."

"నా పేరు రాకుంటే చాలక్కా."

మంగళవారం ఆడవాళ్లు బోనాలతో వచ్చారు, డప్పులు మోగుతున్నాయి. అలివేలమ్మ తాడు దాటి రాయి ముందు నిలబడింది. ఒళ్లంతా వణుకుతోంది. "ఇది మైసమ్మ గాదు! నా హోటలు పొత్రం! నేనే పాతిన, నేనే అబద్ధమాడిన!" అని గొంతు చించుకుని అరిచింది.

ఒక్క క్షణం అందరూ బిత్తరపోయారు. తర్వాత ఎవరో కేక పెట్టారు. "శిగమొచ్చింది! అమ్మోరు అలివేలక్క మీదికొచ్చింది!"

డప్పులు రెట్టింపయ్యాయి. ఆమె కాళ్ల మీద పసుపు నీళ్లు పోశారు, చేతికి వేపమండలిచ్చారు. కాదని ఆమె ఎంత అరిస్తే వాళ్లు అంత మొక్కారు. భానుప్రకాశ్ చేతులు జోడించి, "పొత్రంలనైనా ఉన్నది నువ్వే గదా తల్లీ! మాతోని ఏం తప్పయింది?" అని సాష్టాంగపడ్డాడు.

ఊరందరి నోళ్లు మూయించిన నోరు, ఆ రోజు నిజం చెప్తే నమ్మిన పాపాన ఒక్కడు పోలేదు. అలివేలమ్మకు దిక్కు తోచలేదు. దూరంగా, మనవరాలి పక్కన నిలబడ్డ ఎస్తేరమ్మ కనిపించింది. వేసిన ఒట్టు ఆ గడబిడలో ఎటు పోయిందో!

"ఎస్తేరూ, నువ్వన్న చెప్పే! నీ కాలు మీద పడ్డ పొత్రం గాదా ఇది? నీ వేలు చూపియ్యే వీళ్లకు!"

డప్పులు ఆగాయి. అన్ని తలలూ ఎస్తేరమ్మ వైపు తిరిగాయి. "ఆమెనడుగుతరేందమ్మా," అన్నాడు భానుప్రకాశ్, "మన దేవతల సంగతి వాళ్లకేమెరుక?" ఎవరో వెనక నుంచి, "చెప్పనీ, ఏమంటదో చూద్దం," అన్నారు. ఆ గొంతు మంచిగా లేదు.

ఎస్తేరమ్మ వంకర వేలిని చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

"నాకేం తెల్వదు. మొక్కుదమనే వచ్చినం," అంది. వంగి పొత్రానికి మొక్కింది. పక్కనున్న అర్చన మెడ మీద చెయ్యి వేసి ఆ పిల్లనూ వంచింది.

అలివేలమ్మ నోట్లోంచి ఇంక మాట రాలేదు. అమ్మవారు శాంతించిందన్నారు జనం.

హాలు ఇంకో ఊరికి పోయింది. ఎస్తేరమ్మ ఎదురుపడితే పక్కకు జరిగి, "బాగున్నరా అమ్మా," అంటుంది. అక్కా అని పిలవదు.

గాలికేం, దానికి సిగ్గా శరమా? ఇప్పటికీ పడమటి నుంచి అదే వేళకు వస్తుంది, కాకపోతే కర్పూరం వాసన మోసుకొస్తుంది. అలివేలమ్మ ఇంటి తలుపు మాత్రం మూసే ఉంటుంది. ఎండాకాలం ముదిరినా తీయలేదు.

"ఉడికిపోతున్నం అత్తమ్మా, జర తలుపు తియ్యరాదు," అంటుంది కోడలు.

"వద్దు బిడ్డా," అంటుంది అలివేలమ్మ.