గబ్బిలాలు చెక్కిన పెట్టె

అమెరికాలో, శాన్ రామన్‌లో మా అమ్మాయి సీమంతం. ఎవరి ఉద్యోగం ఉంటుందో, ఎవరిది ఊడుతుందో తెలియని లేఆఫ్‌ల ఏడాది; అందుకే క్లబ్‌హౌస్ బుక్ చేయకుండా ఇంట్లోనే పెట్టుకున్నారు. నేను పురుడు పోయడానికని వచ్చాను. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్లు కాలేదు.

హాల్లో ముత్తైదువలు అమ్మాయికి గాజులు తొడుగుతుంటే నేను వంటింట్లో పులిహోర కలుపుతూ ఉండిపోయాను. ఎవరూ రావద్దనలేదు. రమ్మనీ అనలేదు. కన్నతల్లిని, కూతురి బుగ్గకి కాస్త గంధం రాయడానికి పనికిరానా అని కడుపు రగిలిపోతూనే ఉంది. కానీ నా చెయ్యి తగిలి బిడ్డకేమన్నా అయితే? ఆ భయం ముందు నా కోపమెంత.

అంతలో పెరటి తలుపు దగ్గరికి పక్కింటి చైనా ఆవిడ వచ్చింది. రోజూ పార్కులో కలిసి నడిచేవాళ్లం. ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం, నాది మరీ అధ్వానం. అయినా కబుర్లకేం లోటు లేదు. చేతిలో ఎర్రరంగు చెక్కపెట్టె. తన పెళ్లికి పుట్టింటివాళ్లు మిఠాయిలు పెట్టి పంపిందట. మూత మీద విచ్చిన దానిమ్మపండు చెక్కి ఉంది. గింజలెన్నో పిల్లలంతమంది అని సైగ చేసింది. చుట్టూ ఉన్నవి పక్షులనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని చూద్దును గదా, గబ్బిలాలు.

రామ రామ, శుభమా అని సీమంతం చేసుకుంటుంటే గబ్బిలాలా? మా వైపు గబ్బిలం ఇంట్లో దూరితే శాంతి చేయిస్తారు. నా మొహం చూసి ఆవిడ నవ్వి, తమలో గబ్బిలమంటే శుభమని ఒక్కోదాని మీదా వేలు పెట్టి చెప్పింది. ఆయుష్షు, సంపద, ఆరోగ్యం, మంచి బుద్ధి. ఐదోదాని దగ్గర కళ్లు మూసుకుని తల పక్కకి వాల్చింది. నిండుగా బతికి ప్రశాంతంగా పోవడం. అదీ శుభమేనట.

మా ఆయన అలాగే పోయారు, మధ్యాహ్నం భోంచేసి పడుకుని.

పెట్టె అమ్మాయికి నన్నే ఇమ్మంది. ఆవిడా నాలాంటిదే. మొగుడు పోయిన ఆడది శుభకార్యంలో చెయ్యి పెట్టకూడదట వాళ్లలో. మాలోనూ అంతేనని చెప్పాను. పెట్టె చెరోవైపూ పట్టుకుని ఇద్దరం అలాగే నిలబడ్డాం. చావుని శుభాల్లో చేర్చి చెక్కారు, ఆ చావు చూసినదాన్ని మాత్రం గుమ్మం బయట పెట్టారు. మనవాళ్లేం తక్కువ తిన్నారా, దొందూ దొందే. నాకు ఒళ్లు మండిపోయింది.

"పద," అన్నాను తెలుగులోనే. ఆవిడకి అర్థమైంది.

ఇద్దరం పెట్టె అలాగే పట్టుకుని హాల్లోకి నడిచాం. వియ్యపురాలు "వదినగారూ..." అని లేవబోయి, మళ్లీ కూర్చుంది. పెట్టె ఇద్దరం కలిసి అమ్మాయి ఒళ్లో పెట్టాం. గంధం తీసుకున్నాను గానీ, బుగ్గదాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అమ్మాయి ఆ చెయ్యి పట్టుకుని తన బుగ్గకి ఆనించుకుంది.

"ఇందాకణ్ణుంచీ నీకోసమే చూస్తున్నానమ్మా," అంది.