వానొస్తే బయల్దేరే రంగప్ప మామ

వాన మొదలైతే లోకమంతా ఇంట్లోకి పరుగెత్తుతుంది. మా రంగప్ప మామ ఒక్కడే ఇంట్లోంచి బయటికి పరుగెత్తుతాడు. పంచె ఎగ్గట్టి, గొడుగు చంకన పెట్టుకుని, ఏ మేస్త్రీ కట్టిన ఇల్లు ఎక్కడ కారుతోందో చూడ్డానికి! ఇల్లు కట్టించే ముందు మేస్త్రీ పనితనం విచారించుకోవాలని అందరూ అంటారు. మామ పదకొండేళ్ళుగా విచారిస్తూనే ఉన్నాడు. మదనపల్లెలో ఆయన కొన్న సైటులో ఈలోగా మూడు తరాల మేకలు మేసి వెళ్ళాయి.

ఈ సంగతి నాకంటే బాగా చెప్పగలవాడు మూడు ఊళ్ళలో లేడు. సివిల్ డిప్లొమా రెండో ఏడాదిలో నేను కాలేజీని వదిలేశాను. ఆ కాలేజీ ఇంకా తేరుకోలేదు. బండి నాది, నడిపేది నేను. వెనక కూర్చుని మబ్బు ఎటుంటే అటు వేలు చూపించేది మామ.

మామ టమాటా మండీలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. "సిద్ధూ, పెట్టెలో పైవరస సూసి కొనేవాడు ఎర్రోడురా. అడుగు వరస సూడల్ల. మేస్త్రీ ఇచ్చే అడ్రసులన్నీ పైవరసే" అంటాడు. అందుకే మేస్త్రీ చెప్పిన ఇల్లు చూడడు. ఆ వీధిలోనే టీ అంగట్లో కూర్చుని, "ఈయప్ప ఇంగా యాడ కట్టినాడు?" అని కూపీ లాగి, మేస్త్రీ చెప్పని ఇంటికి వెళ్తాడు. అదీ వానలోనే.

చిక్కంతా మా సీమలో వాన కురవకపోవడంతోనే. ఒక మేస్త్రీ కట్టిన ఇల్లు చూడ్డానికి మామ వాన కోసం రెండేళ్ళు కాచుకున్నాడు. ఈలోగా ఆ మేస్త్రీ తాపీ వదిలేసి బిర్యానీ అంగడి పెట్టాడు. మామ ఆ బిర్యానీని కూడా వాన పడుతున్నప్పుడే వెళ్ళి రుచి చూసొచ్చాడు. గుడుపల్లె దగ్గర ఒక ఇంటి కప్పు ఎంతగా కారిందంటే, లోపల జోరువాన పడుతుంటే ఇంటివాళ్ళంతా తల దాచుకోవడానికి వీధిలోకొచ్చారు. నేను కళ్ళారా చూశాను. మీరు నమ్మాల్సిందే.

ఈ పదకొండేళ్ళూ జయలక్ష్మమ్మ అత్త అద్దె ఇంట్లోనే ఉంది. ఆ వంటింట్లోకి కుక్కర్ వెళ్తే అత్త బయటికి రావాలి, అత్త వెళ్తే కుక్కర్ బయటికి రావాలి. పోయిన ఏడాది వానల ముందు ఇంటి ఓనరు ఉగాదికల్లా ఖాళీ చేయమన్నాడు. అత్త నన్ను పిలిచింది.

"రేయ్, ఇంగో అద్దింట్లో నేను పొయ్యి ముట్టించను. ఈ వానల్లో మేస్త్రీ కుదరకపోతే పలమనేరులో మా అక్క దగ్గరికి పోతా. మీ మామను మబ్బులతో కాపురం చేసుకోమను."

"ఈసారి కుదర్చకపోతే మీసం తీసేస్తా అత్తా!"

"ఉంటే కదరా తీసేది!"

అక్టోబరులో వాయుగుండం పట్టింది. మామ ముఖంలో పండగ. తెల్లారేసరికి పుంగనూరులో రేఖ అనే టీచరమ్మ ఇంట్లో ఉన్నాం. పవన్ కుమార్ అనే మేస్త్రీ కట్టిన కొత్త ఇల్లు. ఆయన విజిటింగ్ కార్డు మీద అక్షరాలు బంగారు రంగులో మెరుస్తుంటే, హాల్లో టీవీ పైన కప్పు చెమటలు కక్కుతోంది. మామ కింద దోసిలి పట్టి, నాలుగు చుక్కలు నోట్లో వేసుకుని చప్పరించాడు.

"ఇసుక ఎక్కువ, సిమెంటు తక్కువ" అని తేల్చి, ఫోన్ తీశాడు. "నాయనా పవన్, నా ఇల్లు నీకే అనుకుంటాండా. ఈ రేఖమ్మ కప్పు ఒక్కటీ సరిచేసెయ్."

"రేపే వస్తానప్పా!" అన్నాడు పవన్.

అత్త వంటింటికి తలుపులు తెరుచుకున్నాయని నేను బండి మీదే ఈల వేశాను. మామ మాత్రం, "కుప్పం పోనీ" అన్నాడు.

కుప్పంలో ఉన్నది కుప్పమ్మ ఇల్లు. కట్టింది ఉమాశంకర్. నాలుగేళ్ళ కింద మామ చూసి, వద్దని వదిలేసిన మేస్త్రీ. వద్దనుకున్నవాడి ఇల్లు మళ్ళీ ఎందుకో నాకు అర్థం కాలేదు. పాలు పితుకుతున్న కుప్పమ్మ మమ్మల్ని చూసి లేచింది.

"రాప్పా! గోడ సూసేకి వచ్చినావా? సుక్క చెమ్మ లేదు. అప్పుడు నేను నూరుసార్లు ఫోన్ చేసినా ఉమాశంకర్ ఎత్తలేదు. నువ్వు ఒక్క ఫోన్ చేసి, మదనపల్లెలో ఇల్లు కట్టాల, ముందు ఈ గోడ సరిచెయ్ అంటివి. మూడోనాటికి నలుగురు మనుషులతో దిగినాడు."

నాకు బుర్రలో బల్బు వెలిగింది. అసలే నా బుర్రలో బల్బులు ఎక్కువ.

"మామా! అంటే పదకొండేళ్ళుగా నువ్వు చేస్తాండేది విచారణ కాదు, రిపేరీ!"

మామ దొరికిపోయిన పిల్లిలా చూశాడు. "మొదట్లో విచారణేరా. పోను పోను తెలిసింది. ఇల్లు అప్పజెప్పినంక మేస్త్రీ ఆ ఇంటోళ్ళ ఫోన్ ఎత్తడు. ఖాళీ సైటుండేవాడి ఫోన్ మొదటి రింగుకే ఎత్తుతాడు. నా సైటు నిండిపోతే వీళ్ళ కప్పులు ఎవడు సూస్తాడు?"

"మరి అత్త పలమనేరు పోతే నిన్నెవరు సూస్తారు?"

మామ పంచె అంచు పిండుకుంటూ కూర్చున్నాడు.

కుప్పమ్మ వేడి సంగటి తెచ్చి పెట్టింది. "ఉమాశంకర్ మంచోడైపోయినాడులేప్పా. ఏటా వానలకు ముందర వచ్చి గోడ తట్టి సూసి పోతాడు."

మామ చెయ్యి ఆగింది. "నేను పిలవలేదే!"

"నువ్వు యాల పిలవల్ల? నేనూ పిలవలే. ఇంటి కాగితం మీద లేకపోయినా గోడ మీద నా పేరుండాది కదమ్మా అంటాడు."

మామ సంగటి వదిలేసి వానలోకి వెళ్ళాడు. పడమటి గోడను పై నుంచి కింది దాకా తడిమాడు. చెవి ఆనించి విన్నాడు. లోపలికొచ్చి తల కూడా తుడుచుకోకుండా ఫోన్ చేసి, నేను వినాలని స్పీకర్ పెట్టాడు.

"ఉమాశంకర్, నేను రంగప్పను. మా ఇల్లు కట్టు."

అవతల వాన చప్పుడు మధ్య ఉమాశంకర్ గొంతు వినబడింది.

"అప్పా, దాపరికం లేకుండా సెప్పు. ఈసారి ఎవరింట్లో కారతాండాది?"

"యాడా కారలేదురా! నిజంగానే మా ఇల్లు! మీ జయలక్ష్మమ్మక్కకు ఉగాదికి వంటిల్లు కావల్ల!"

నమ్మించడానికి అరగంట పట్టింది. చివరికి కుప్పమ్మ ఫోన్ లాక్కుని ఆవుల మీద ఒట్టేస్తే ఒప్పుకున్నాడు.

ఉగాదికి వంటిల్లు సిద్ధమైంది. మిగతా ఇల్లు ఇంకా లేస్తూనే ఉంది. అయినా అత్త ఓనరుకు తాళాలిచ్చేసి, వంటిల్లుంటే కాపురానికి చాలదా అంటూ ఆ వంటింట్లోనే పాలు పొంగించింది. పొయ్యి చుట్టూ మూడుసార్లు తిరిగి చూపించింది, ఎక్కడా మోచెయ్యి తగల్లేదని. మామ మాత్రం దిగాలుగా ఉన్నాడు. ఆయన సైటు నిండిందని మేస్త్రీలందరికీ కబురు చేరిపోయింది. ఆయన ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. పుంగనూరు పవన్ అయితే రేఖ టీచరమ్మ కప్పు సగంలో వదిలేశాడు.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. నాకు జానెడు నేల లేకపోయినా, వెంకటగిరికోటలో రోడ్డు పక్కనే సైటు ఉందని, మూడంతస్తులు కడతానని, లిఫ్టు కూడా పెడతానని పవన్‌కు చెప్పాను. మర్నాటికి టీచరమ్మ కప్పు పూర్తయింది. ఇప్పుడు నా చేతిలో తొమ్మిదిమంది మేస్త్రీలున్నారు. వాన పడితే మామా నేనూ బయల్దేరుతాం. చుక్కలు చప్పరించేది ఆయన, ఫోన్ చేసేది నేను.

నిన్న పవనే మళ్ళీ ఫోన్ చేశాడు. "సార్, ఒకసారి ఆ సైటు సూపిస్తే కొలతలు తీసుకుంటా."

"ముందు గంగవరంలో నువ్వు కట్టిన బాల్కనీ సంగతి సూడప్పా," అన్నాను. "సైటు యాడికి పోతాది?"