ఫోనుకు అవతలే ఎందుకుండాలి నేను

నాకు మనసులో చదువుకోవడం రాదు. యాభై ఆరేళ్లకు అక్షరాలు నేర్చుకున్నదాన్ని, నోరు కదిలిస్తేనే కళ్లకు అక్షరం ఆనుతుంది. పెనుకొండ నుంచి హిందూపురానికి ప్యాసింజర్ బండిలో పోయేటప్పుడు కూడా పేపరు బయటికే చదువుతాను. ఒకసారి ఎదురుగా కూర్చున్నాయన, "ఏమమ్మా, బండంతా నీ ఇల్లనుకుంటివా?" అన్నాడు.

"నువ్వు ఇంతసేపూ ఫోన్లో పాటలు బయటికి పెట్టుకొంటివే, నేనేమన్నా అంటినా?" అన్నాను.

పక్కనున్న మనిషి గట్టిగా నవ్వాడు. ఆయన హిందూపురంలో బట్టల వ్యాపారి. తీరిక దొరికితే, జనం ఫోన్లో వినే నాటకాలు తయారుచేస్తాడు. దిగేలోపల నన్ను తన నాటకంలో తల్లి పాత్రకు పిలిచాడు.

ఆ నాటకంలో ఇద్దరే. హిందూపురంలో గార్మెంట్స్‌లో పనిచేసే కూతురు, ధర్మవరంలో పట్టుచీరలకు కుచ్చులు కట్టే తల్లి. పని మానేయమని మొగుడు పట్టుబడితే, కూతురు తల్లికి ఫోన్ చేస్తుంది. ఏం చేయాలో తల్లి చెబుతుంది. ఆ ఒక్క మాట కోసమే నాటకమంతా. నేనూ ముప్పై ఏళ్లు ధర్మవరంలో కుచ్చులు కట్టినదాన్నే, ఆ తల్లి నాకు కొత్త మనిషి కాదు.

రికార్డింగు అంగడి వెనక గదిలో జరిగింది. గోడల వెంట పైదాకా బట్టల బేళ్లు పేర్చి ఉన్నాయి. గొంతు గింగురుమనకుండా అవే ఆపుతాయట. ఫ్యాను ఆపేశారు. చెమటలు కారుతుండగా కాగితం మీద వేలు పెట్టుకుని రెండు పేజీలూ చదివాను.

వారానికి వినమని పిలిచారు. గొంతులు సరిచేసే అమ్మాయిది ధర్మవరమే, అక్కడ ఫోటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. కూతురి మాట నా పక్కన కూర్చుని చెప్పినట్టు వచ్చింది. తల్లి మాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. పైగా గరగర.

"ఎవురిది పాపా ఈ గొంతు?"

"నీదే అవ్వా. ఫోన్ మాదిరి ఉండల్లని ఫిల్టరేసినా."

ఎట్లా వేశావంటే చూపించింది. గొంతులో బరువైన అడుగు ఒకటి, సన్నని పైభాగం ఒకటి ఉంటాయట. ఫోను ఆ రెంటినీ మోయలేక నడిమిది మాత్రం పంపుతుందట. అందుకని బెండకాయకు తొడిమా తోకా తీసినట్టు ఆ రెండూ తీసేసింది. గరగర వేరేచోట నుంచి తెచ్చి కలిపిందట.

"ఇప్పటి ఫోన్లలో ఇంత గరగర యాడుండాది? కాయిన్ బాక్సుల కాలంలో కూడా ఇంత లేదే!"

ఆ అమ్మాయి తల వంచుకుంది. వ్యాపారి గొంతు సవరించుకున్నాడు. "అది కాదవ్వా. నువ్వు చదివేటప్పుడు ఆడాడ ఆగుతాండావు. గరగర ఉంటే సిగ్నల్ లేదనుకుంటారు. నీకు చదువు సరిగా రాదని ఎవురికీ తెలీదు."

"తెలీనీ. నేనేమన్నా దొంగతనం చేస్తాండానా?"

"పోనీ కాగితం వద్దు. మేం చెప్తాం, నువ్వు ఇని చెప్పు."

"యాభై ఆరేండ్లు ఇనే చెప్తినప్పా. ఇంక చదివే చెప్తా."

"అట్లయితే గరగర ఉండాల్సిందే. లేదంటే మా వీధిలో టీచరమ్మ ఉండాది. ఆమెతో చెప్పిస్తా."

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. "ఫోను ఇద్దరి చేతుల్లోనూ ఉండాది గదా, నా ఒక్కదాని గొంతే ఎందుకు నలిపినారు?"

జవాబు ఆ అమ్మాయి చెప్పింది. వినేవాళ్లు కూతురింట్లో కూర్చున్నట్టు లెక్క. అందుకే ఆమె మాట నిండుగా, అవతలి మనిషి మాట ఫోన్లోంచి వినిపించాలి.

"ఇనేవాళ్లను ధర్మవరానికి తోలుకొని రా. తల్లి ఇంట్లో కూర్చోబెట్టు. గట్టి మాట చెప్పేది ఆమె గదా! ముసలిదెప్పుడూ అవతలే ఉండల్లా?"

"నడిమధ్యలో ఇల్లు మారిస్తే జనం తికమక పడతారవ్వా," అన్నాడు వ్యాపారి.

"పడర్లే అన్నా," అంది ఆ అమ్మాయి తల ఎత్తి. "పక్కింట్లో మగ్గం ఆడే చప్పుడు పెడితే ధర్మవరమని తెలిసిపోతాది. కూతురికి ఫిల్టరేస్తా, అవ్వకు తీసేస్తా. గరగర కూడా పోతాది."

"అప్పుడు అవ్వ ఆగేదంతా బయట పడతాదే!"

"పడనీ," అన్నాను.

ఆయన కాసేపు గొణిగి, "చేసి ఇనిపించు. బాగలేకుంటే టీచరమ్మే," అన్నాడు. మేం టీ తాగేలోపల ఆ అమ్మాయి పని ముగించి, ఈసారి స్పీకరులో పెట్టింది. ముందు మగ్గం చప్పుడు. ఆ వెంటనే ఫోన్లోంచి కూతురు, "అమ్మా, పని మానేయమంటాండాడు. ఏం చేసేది?" అంది. నా గొంతు గదంతా నిండింది. "నువ్వు పని..." అని ఆగింది. మగ్గం రెండుసార్లు కొట్టింది. "మానొద్దు."

వ్యాపారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇదే ఉండనీ," అని ఆ అమ్మాయికి చెప్పి నా వైపు తిరిగాడు. "ఆడ భలే ఆగినావవ్వా. తల్లి బాగా ఆలోచించి చెప్పినట్టుండాది."

"ఆలోచించలేదప్పా. ఆడ లైను అయిపోయింది. వేలు కింది లైనుకు దించుకునేదానికి ఆగితి."

"ఆ సంగతి ఎవురికీ చెప్పొద్దులే!"

ఎందుకు చెప్పకూడదు? రాసే పెడుతున్నాను.