విని పోవడానికి మూడు వందలు

రిసీవర్ స్విచ్ వేయగానే మాట రాదు. ముందు లోపలెక్కడో 'టక్' మని ఒక చిన్న చప్పుడు, ఆ తర్వాత స్పీకర్లలో ఊపిరి పీల్చినట్టు కాసేపు నిశ్శబ్దం, అప్పుడు వార్తలు మొదలవుతాయి. రోజూ ఉదయం ఏడింటికి మా బాపు కోసం ఆ స్విచ్ నేనే వేస్తాను. ఆ టక్ వినగానే సదన్న గుర్తుకొస్తాడు. ఆయన సంగతికి ముందు నా ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. టీవీ శబ్దాన్ని స్పీకర్లకు పంచే హోం థియేటర్ రిసీవర్‌ను వరంగల్ మొత్తంలో నా అంత చవకగా కొన్నవాడు లేడు. హన్మకొండలో దుకాణం ఎత్తేస్తున్న ఒకాయన దగ్గర, ఐదు స్పీకర్లతో కలిపి, చెప్పిన ధరలో సగానికి తెచ్చాను. మూడుసార్లు మెట్లు దిగాను, మూడుసార్లూ వెనక్కి పిలిపించుకున్నాను. దానికి రిమోట్ లేదు, ఎలా వాడాలో చెప్పే పుస్తకం లేదు, నాకు కావలసిన పని దాంతో అవుతుందో లేదో కూడా తెలియదు. అవేవీ అడగలేదు. ధర దిగుతున్నప్పుడు వస్తువు గురించి అడిగితే అమ్మేవాడికి ఊపిరి అందుతుంది. గిన్నెల దుకాణంలో పుట్టి పెరిగిన నాకు ఆ మాత్రం తెలుసు.

కొన్నది బాపు కోసమే. ఆయన నలభై ఏళ్లు ఆ దుకాణంలో చెవితో బతికిన మనిషి. ఇత్తడి బిందెను గోటితో ఒక్కసారి కొట్టి, కంటికి కనబడని పగులు ఎక్కడుందో చెప్పేవాడు. మరిపెడ నుంచి, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పెళ్లి సామాను కొనడానికి వచ్చేవాళ్లు ఆయన కొట్టి చూడనిదే గిన్నె ముట్టేవారు కాదు. అలాంటి మనిషి టీవీ శబ్దం పెంచుకుంటూ పోయాడు. తర్వాత దుకాణానికి రావడం తగ్గించాడు. వచ్చినా గిరాకీ ఏదో అడిగితే చిన్నగా నవ్వి నా వైపు చూసేవాడు. సాయంత్రాలు ఆయన పక్కన పీట వేసుకుని బజారు కబుర్లన్నీ చెప్పే మా అమ్మ, ఒకే మాట నాలుగుసార్లు చెప్పలేక మెల్లగా వంటింట్లోకి జరిగింది. నేనేమో టీవీ స్పీకర్ పాడైందని తేల్చాను. మా వాళ్లకు ఏ కష్టం వచ్చినా ముందు ఏదో ఒకటి కొనాలనిపిస్తుంది.

మా ఇళ్లలో ఇంకో ఆచారం ఉంది. కొన్న వస్తువు మీది కవరు, స్టిక్కరు, మూత ఏదీ తీయం. రేపు వాపసు చేయాల్సి వస్తే కొత్తదానిలా ఉండాలి. టీవీ నుంచి రిసీవర్‌కు శబ్దాన్ని వెలుతురు రూపంలో తీసుకుపోయే ఆప్టికల్ వైరు ఒకటి ఉంటుంది. దాని రెండు కొనలకూ జొన్నగింజంత ప్లాస్టిక్ మూతలు ఉంటాయి. నేను ఆ మూతలతోనే దాన్ని రంధ్రంలోకి నెట్టాను. ఎంత నొక్కినా పట్టలేదు. మీద నుంచి టేపు వేశాను. శబ్దం రాలేదు. చివరికి ఎరుపు, తెలుపు వైర్లు తగిలిస్తే ఐదు స్పీకర్లలో రెండు మాత్రం పలికాయి. అప్పుడు ఎవరో సదానందం నంబరు ఇచ్చారు.

సదన్నది కాశిబుగ్గ, మగ్గాల కుటుంబం. నేతపని వదిలి ముందు రేడియోలు, తర్వాత ఆంప్లిఫయర్లు, ఇప్పుడు ఇళ్లలో ఈ థియేటర్లు బాగుచేస్తున్నాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. వచ్చి చెప్పులు విడిచేలోపే నా పని నేను మొదలుపెట్టాను.

"విజిటింగ్ ఎంతన్నా?"

"మూడు వందలు."

"వైర్లు పెట్టుడే గదనే. రెండు వందలు చేస్కో."

ఆయన నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. "రెండు వందలైతే వైర్లు పెట్టి పోత తమ్మీ. మూడు వందలైతే విని పోత."

"వినుడు మేం వింటం తియ్యి. రెండు వందలే."

"మంచిది," అని రిసీవర్ వెనక్కి వంగాడు. టేపు చూశాడు, మూత చూశాడు. "గిదేంది తమ్మీ, వెలుగు పోయే తొవ్వకు బిరడా పెట్టినవ్?"

"కొత్తగ ఉంటదని..."

"మరి బువ్వ తినేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటవా?"

మూతలు తీసి వైరు కొనను నా అరచేతి మీద పెట్టాడు. చేతిలో ఎర్రటి చుక్క వెలిగింది. దాంట్లోనే మాట పోతుందన్నాడు. తర్వాత వైరును రిసీవర్‌లో గుచ్చి, ముందున్న మీటను ఆ దారి మీదికి తిప్పాడు. టీవీ సెట్టింగుల్లోకి పోయి, శబ్దాన్ని రెండు పాయలుగా కుదించి పంపుతున్నదాన్ని ఉన్నదున్నట్టు పంపేలా మార్చాడు. నేను పాలిథిన్ కవరుతో సహా బీరువా మీద పెట్టిన ఒంటి స్పీకర్‌ను దించి, కవరు చించి, టీవీ కింద పెట్టాడు. "మాటలన్ని దీంట్లకే వస్తయ్. పాటలు, సప్పుళ్లు మిగతాయిట్ల," అని దాని ఒక్కదాని గొంతే పెంచాడు. బియ్యంలోంచి రాళ్లు ఏరేసినట్టు వార్తలు చదివే అమ్మాయి మాట విడిగా బయటికొచ్చింది. బాపు తల ఎత్తాడు. "పత్తి ధర పెరిగిందట," అన్నాడు. వంటింటి గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

రెండు వందలు ఇచ్చాను. ఆయన జేబులో పెట్టుకున్నాడు గానీ లేవలేదు. బాపు పక్కన, కుడి భుజం స్పీకర్ వైపు పెట్టి అరగంట కూర్చున్నాడు. తర్వాత లేచి బాపు కుర్చీ వెనక్కి పోయి, "సేటూ, దుకాణం ఎట్ల నడుస్తాంది?" అని అడిగాడు. బాపు కదల్లేదు. ముందుకు వచ్చి అదే మాట అడిగాడు. బాపు ఆయన పెదవుల వైపు చూసి, "నడుస్తాంది, కొడుకు చూస్కుంటాండు," అన్నాడు.

గేటు దగ్గర సదన్న నాతో చెప్పాడు. "తమ్మీ, సప్పుడు బాగు చేసిన. చెవి నాతోని కాదు. దవాఖానకు తీస్కపో."

"వెనక ఇంకో రెండు స్పీకర్లు పెడితే?"

"ఊరంత పెట్టు," అని సైకిల్ ఎక్కాడు.

తీసుకుపోయాను. చెవి పరీక్ష అయ్యాక, చెవికి పెట్టుకునే మిషను ధర చెప్పారు. నాకు తెలిసిన విద్య నేను చేశాను. ఎక్కువ చెబుతున్నారని, బాపును పట్టుకుని, మెట్లు దిగాను. వెనక నుంచి పిలుపు వస్తుందని నాలుగు మెట్లు మెల్లగానే దిగాను. ఎవరూ పిలవలేదు. గేటు దాటాను, రోడ్డు మీదికి వచ్చాను, ఆటో ఎక్కాను. పౌరుషం కొద్దీ మళ్లీ వెనక్కి పోలేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు రిసీవర్‌కు ఏదో ఒకటి తగిలిస్తూనే ఉన్నాను. దద్దరిల్లే బాసు పెట్టె తెచ్చాను. ఫోన్‌లోని పాటలు గాలిలోంచే రిసీవర్‌కు చేర్చే డబ్బా తెచ్చాను. పెన్‌డ్రైవ్ నిండా బాపుకు ఇష్టమైన భజనలు నింపించాను. ప్రతిసారీ సదన్నే వచ్చి తగిలించేవాడు. ప్రతిసారీ "దవాఖానకు పోయినవా?" అని అడిగేవాడు. "పోతానన్నా," అనేవాణ్ని. చివరిసారి భజన మొదలైన కాసేపటికే బాపు లేచి లోపలికి వెళ్లిపోయాడు. సదన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"నా ఎడమ చెవి ఇనవడదు తమ్మీ. మగ్గాల షెడ్డుల పనిజేసినప్పుడే పోయింది. చెప్తే పని ఇయ్యరని ముప్పయ్యేండ్లు దాచిన. అందుకే ఎప్పుడు కుడి దిక్కు కూసుంట. మాట ఇనవడకపోతే మొదలు నవ్వుతం. నవ్వితే ఒడుస్తదనుకుంటం. అటెనుక తలకాయ ఊపుతం. అటెనుక లేసి పోతం. మీ బాపు లేసిపోయే కాడికి వచ్చిండు."

ఏ మాటకైనా ఎదురు మాట పెట్టుకుని తిరిగే నేను, ఆయన వెళ్లగానే పాత చెవి పరీక్ష కాగితం వెతికి తీశాను. మరునాడే దవాఖానకు పోయాం. డాక్టరమ్మ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూసింది. చాలా కాలం మాట చేరని చెవి, తర్వాత శబ్దం అందినా మాటను గుర్తుపట్టదని, కుడి చెవితో ఫరవాలేదు గానీ ఎడమదానికి ఆశ తక్కువని చెప్పింది. అప్పుడే ఎందుకు తీసుకోలేదని అడిగింది. ధర దిగుతుందనుకున్నామని నేను చెప్పలేకపోయాను.

మిషను వచ్చాక సదన్న ఇంకో పని చేశాడు. రిసీవర్ వెనక శబ్దం బయటికి వచ్చే చోట అగ్గిపెట్టె అంత డబ్బా ఒకటి తగిలించి, టీవీ మాట నేరుగా బాపు చెవి మిషనులోకి పోయేలా కలిపాడు. ఆ రోజు గంటసేపు కూర్చుని విన్నాడు. బాపును అడుగుతూ, మీట తిప్పుతూ, మళ్లీ అడుగుతూ. వెళ్లేటప్పుడు నేను మూడు వందలు తీశాను. బేరమాడకుండా చెప్పిన ధర ఇవ్వడం నా జన్మలో అదే మొదలు. జేబులో చెయ్యి కొంచెం మొరాయించింది కూడా.

పోయిన వానాకాలం కొత్త టీవీ తెచ్చి ఆయనకు ఫోన్ చేశాను. భార్య ఎత్తింది. "ఆయన లేడు బిడ్డా. నెల దాటింది," అంది. కాశిబుగ్గకు పోయాను. ముందుగదిలో బల్ల మీద ఎవరెవరివో నాలుగు ఆంప్లిఫయర్లు ఉన్నాయి. ఎవరివో పోల్చి ఇవ్వడానికి సాయం చెయ్యమని ఆమె అడిగింది. ఒక్కోదాని మీద ఆయన అతికించిన చీటీ ఉంది. పేరుతో పాటు తాను విన్నది రాసుకున్నాడు. 'కుడి దిక్కు చినుకు పడ్డట్టు సప్పుడు.' 'బాగనే ఉంది, మనిషికే తోడు లేదు, అప్పుడప్పుడు పోవాలె.' రెండో చీటీ ఉన్న ఆంప్లిఫయర్‌ను ఇవ్వడానికి వెళ్లి, దాని సొంతదారైన ఒంటరి పెద్దాయన దగ్గర గంట కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఆయనా అడగలేదు.

ఇప్పుడు దుకాణంలో గిరాకీ మాట పూర్తయ్యేదాకా ధర చెప్పను. వాళ్లు కోడలి సంగతీ, పొలం సంగతీ చెప్పుకుంటారు. నేను వింటాను. చివరికి ధర చెప్పాల్సి వచ్చినప్పుడు గట్టిగా చెప్పడానికి నోరు రాదు. వ్యాపారంలో ఇది నష్టమే. మానుకోలేకపోతున్నాను.

ఇక చివరి బిల్లు, ఏదీ దాచకుండా. రిసీవర్ మీద మిగిల్చింది తొమ్మిది వేలు. సదన్న మొదటి విజిట్‌లో మిగిల్చింది వంద. బాసు పెట్టెకు, గాలి డబ్బాకు, మిగతా వైర్లకు పోయింది పన్నెండు వేలు. చెవి మిషను ధర ఎనిమిది నెలల తర్వాత కూడా రూపాయి తగ్గలేదు. బాపు ఎడమ చెవికి మాట అందదు. ఇక అమ్మ. ఆ ఎనిమిది నెలల్లో ఆమెకు బాపుతో చేతులతో మాట్లాడటం అలవాటైంది. చాయ్ తాగుతావా అని ఇప్పటికీ బొటనవేలు నోటి దగ్గర పెట్టి అడుగుతుంది. "నోటితోని అడుగరాదు, ఇనవడ్తాంది," అంటాడు బాపు. సరేనని తలూపుతుంది. మరునాడు మళ్లీ వేలే చూపిస్తుంది.